లాడమా? వట్టి గిట్టయా?



మహాభారతములోని నలోపాఖ్యానము మీరందఱు నెఱిగినదే. ఋతుపర్ణమహారాజు ఒక్క దినములో విదర్భకు చేరవలసివచ్చినపుడు, బాహుకుడను పేరుతో ఆయన కొలువున నున్న నలుడు అశ్వశాలకు బోయి, చూపునకు బక్కచిక్కియున్న గుఱ్ఱములను ఏరి తెచ్చెను. రాజు వానిని జూచి, ఇవి మనల నంతదూరము మోయగలవా యని చిఱాకుపడెను. అశ్వహృదయ మెఱిగినవాని చూపు వేఱు, మనబోంట్ల చూపు వేఱు. మనము గుఱ్ఱమునందు మెడవంపును జూతుము, జూలును జూతుము, నిగనిగలాడు మేనిని జూతుము. తెలిసినవాడు వంగి, ముందుగా కాలెత్తి చూచును. 1751లో ఇంగ్లండున వెలువడిన యొక అశ్వవైద్యగ్రంథమునకు ‘గిట్ట లేనిదే గుఱ్ఱము లేదు’ అనునదియే పేరు. ఆ నాలుగు మాటలలో శాస్త్రమంతయు ఇమిడియున్నది.

అట్టి గిట్టకు రోగము వచ్చినపుడు ఏమి చేయవలయును? రోగమునకు తగినట్లు ప్రత్యేకముగా చేయించిన లాడము కొట్టించుట మేలా, లేక ఉన్న లాడమును గూడ ఊడదీసి వట్టికాళ్ళతో ఉంచుట మేలా? గుఱ్ఱములను పెంచువారిలో నేడు ఈ ప్రశ్నపై రెండు పక్షములు కలవు. ఒక పక్షమువారికి లాడమే రక్ష. రెండవ పక్షమువారికి లాడమే రోగము. ఈ వాదమును గుఱించి నాకు తోచినంతవఱకు విన్నవించెదను.

నేను పశువైద్యుడను గాను. ముప్పదియేండ్లు పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి నొందినవాడను. నాకు ఈ విషయమునందు శ్రద్ధ కలుగుటకు మా యింటిప్రక్క జరిగిన యొక సంగతి కారణము.

1970వ సంవత్సరప్రాంతమున తెనాలి రైలుస్టేషను యెదుట జట్కాబండ్లు బారులుతీరి నిలిచెడివి. మా పొరుగున ఒక జట్కాసాయిబుగారు కాపురముండెడివారు. అప్పటికి నాకు పదియేండ్లు. నేనాయనను ‘తాతా’ అని పిలిచెడివాడను. ఆయన నన్ను ‘చిన్నపంతులూ’ అనెడివారు. ఆయనకొక యాడుగుఱ్ఱ ముండెను. నాలుగు కాళ్ళును, ముఖమును తెల్లనివగుటచే దానిని అందఱును పంచకల్యాణి యనెడివారు. సాయంకాలము దాని కాళ్ళు కడుగుచు ఆయన నాతో ఒకనాడనిన మాట నేటికిని నా చెవిలో నున్నది: “చిన్నపంతులూ, దీని నాలుగు కాళ్ళ మీదే మా ఇంట్లో ఆరుగురం నడుస్తున్నాం.”

ఒకనాడు ఆ గుఱ్ఱము ముందుకాళ్ళు మోపలేక తడబడసాగెను. లాడములు కొట్టు ముదుసలి వచ్చి చూచి, “లాడం అరిగింది, మడమ ఎత్తుగా కొత్తవి కొట్టాలి” అని కొట్టెను. వారము గడచెను, నొప్పి హెచ్చెను. అంతట ఒకప్పుడు గుఱ్ఱపుదళములో పనిచేసి వచ్చిన పెద్దమనిషి యొకడు, “ఇనుమే దీని జబ్బు. పీకి పారెయ్యండి” అనెను. పీకివేసిరి. రెండు దినములు విశ్రాంతి నిచ్చిరి. మూడవనాడు ఇంట బియ్యము లేదు. సాయిబుగారు బండి కట్టిరి. కంకరరోడ్డుపై అరమైలు పోవకముందే గుఱ్ఱము నిలిచిపోయి, పిమ్మట మెల్లగా కూలబడెను.

ఆ కథ తుదను పిమ్మట చెప్పెదను. అది బోధపడుటకు ముందు గిట్ట యనగా నేమో తెలియవలయును.

గుఱ్ఱము ఒంటివ్రేలిపై నడచు జంతువు. మన చేతి నడిమివ్రేలికి సాటియైన వ్రేలొక్కటే దానికి ప్రతికాలియందును మిగిలినది. ఆ వ్రేలికొనకు తొడిగిన గోరే గిట్ట. మూడు నాలుగు వందల కిలోల బరువు గల శరీరమంతయు నాలుగు గోళ్ళపై నిలుచుచున్నదన్నమాట. అందులోను నూటికి అఱువదిపాళ్ళు ముందుకాళ్ళపైననే పడును. అందుచేతనే గిట్టరోగములు ముందుకాళ్ళకు ఎక్కువగా వచ్చును.

గిట్టను తలక్రిందుగా ఎత్తిపట్టి చూచినచో మూడు భాగములు కానవచ్చును. చుట్టును గట్టిగా నుండునది గోడ. దాని లోపల కొంచెము పల్లముగా నుండునది అరికాలు. వెనుకనుండి ముందునకు త్రికోణాకారమున చొచ్చుకొనివచ్చిన మెత్తని భాగము మూడవది. ఆంగ్లేయులు దీనికి తమ భాషలో కప్ప యని పేరు పెట్టిరి. కాలు మోపినపుడు మడమలు కొంచెము విచ్చుకొనును, కప్ప నేలను తాకును, దానిపైనుండు మెత్తవంటి భాగము అదురును మ్రింగివేయును. కాలెత్తినపుడు మరల యథాస్థితికి వచ్చును. ఇట్లు విచ్చుకొనుచు ముడుచుకొనుచు నుండుట వలన లోపల రక్తప్రసారము చక్కగా సాగును.

గోడకును లోపలి యెముకకును గల సంబంధము మిక్కిలి విచిత్రమైనది. గోడ లోపలివైపున అయిదువందలకు మించిన సన్నని పొరలు పుస్తకపు రేకులవలె నిలువుగా నుండును. ఎముకను కప్పిన చర్మమునందును అట్టి పొరలే కలవు. ఈ రేకులు ఆ రేకులలో దూరి పెనవేసికొనును. గుఱ్ఱపు బరువు ఎముకనుండి గోడకు దిగుట ఈ రేకుల పట్టుచేతనే. ఎముక అరికాలిపై కూర్చుండియుండదు, గోడనుండి వ్రేలాడుచున్నట్లుండును. ఈ పట్టు సడలినచో ఎముక క్రిందికి దిగును, లేదా దాని మొన వంగి అరికాలిని లోపలినుండి పొడుచును.

గిట్టగోడ పైయంచున పుట్టి క్రిందికి పెరుగును. నెలకు ఇంచుమించు ఎనిమిది పది మిల్లీమీటర్లు పెరుగును. పైన పుట్టిన భాగము ముందువైపున నేలకు చేరుటకు తొమ్మిది మొదలు పండ్రెండు నెలలు పట్టును. కావున నేడు చేసిన చికిత్స ఫలము పూర్తిగా కంటబడుటకు ఏడాది కావలయును. ఈ యొక్క సంగతిని మనసునందుంచుకొనినచో, పదునైదు దినములలో ఒక మతమునుండి వేఱొక మతమునకు మాఱుట ఎంత పొరపాటో తెలియగలదు.

ఇక లాడము మాట. మేకులతో కొట్టు ఇనుపలాడము యూరపులో క్రీ.శ. 9, 10 శతాబ్దములనాటికి వాడుకకు వచ్చినది. అంతకుముందు రోమనులు ఇనుముతో చేసిన పాదుకలవంటివానిని గుఱ్ఱముల కాళ్ళకు కట్టెడివారు. జపానుదేశమున 19వ శతాబ్దమువఱకు గడ్డితో అల్లిన చెప్పులు తొడిగెడివారు. మన పల్లెలలో బండియెద్దులకు గూడ లాడములు కొట్టుట మీరెఱుగుదురు. ఎద్దుగిట్ట చీలియుండును గనుక కాలికి రెండేసి బిళ్ళలు కొట్టుదురు. రాతిబాటలందును, తారురోడ్లయందును గిట్ట పెరుగుదలకంటె అరుగుదల ఎక్కువ. ఆ అరుగుదలను ఆపుటకే మానవుడు లాడమును కల్పించెను.

రోగమునందు లాడమునకు వేఱొక ప్రయోజనము గూడ కలదు. విఱిగిన చేతికి బద్దకట్టినట్లు, గిట్టలోని యెముక విఱిగినపుడు వెనుకవైపున అడ్డుపట్టీ గల లాడము కొట్టి గిట్టను కదలకుండ బిగింపవచ్చును. గోడ నిలువున పగిలినపుడు ఆ పగులుపై బరువు పడకుండ ప్రక్కకు మఱలింపవచ్చును. పొరలపట్టు సడలినపుడు హృదయాకారమున పట్టీ వేసి, కప్పపై కొంత బరువు మోపించి, గోడకు విశ్రాంతి నీయవచ్చును. మడమ నొప్పులందు మడమకు ఆనిక కల్పింపవచ్చును. ఇవి యన్నియు నేర్పరియైన లాడగాడు పశువైద్యునితో కలసి చేయవలసిన పనులు.

లాడము ఇచ్చునది యెంతయో, తీసికొనునదియు కొంత కలదు. బ్రేసీ క్లార్క్ అను ఆంగ్ల పశువైద్యుడు 1809లో ప్రకటించిన గ్రంథమున, గిట్ట బిగిసిన పెట్టె గాదనియు, బరువు పడినపుడు విచ్చుకొను సజీవమైన అవయవమనియు, మేకులతో బిగించిన ఇనుము ఆ కదలికను అడ్డుననియు వాదించెను. ఆయన కీలుగల లాడములను గూడ కల్పించి చూచెను. లాడమున్న గిట్ట అరగదు. కావున పొడవు పెరుగుచుండును. మొన పొడవైనకొలదిని కాలివెనుక స్నాయువునకు లాగుడు ఎక్కువగును. అందుచేత నాలుగు మొదలు ఆఱువారముల కొకసారి లాడమూడదీసి, పెరిగిన గిట్టను చెక్కి, ఆకురాతితో సరిచేసి మరల కొట్టవలయును. ఈ గడువు దాటినచో మంచి లాడమే చెడ్డ లాడమగును. మేకు కొంచెము లోపలగా దిగినచో జీవముగల భాగమున గ్రుచ్చుకొని చీము పట్టును. కప్ప నేలనంటక ఏండ్లతరబడి యుండినచో చిక్కిపోవును, మడమలు ఒకదానికొకటి దగ్గఱకు ముడుచుకొనును.

రెండవ పక్షమువారు చెప్పునదియు క్రొత్తది కాదు. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున గ్రీకుదేశపు జెనోఫను తన యశ్వారోహణగ్రంథములో, గుఱ్ఱమును కట్టు చోట గుండ్రని రాళ్ళు పఱచి, వానిపై నిలుపుటవలన గిట్టలు గట్టిపడునని చెప్పెను. వట్టిగిట్టకు తగిన నేల, తగిన కదలిక, తగిన చెక్కుడు లభించినచో అరికాలు దళసరియగును, కప్ప పుష్టిపొందును, మడమలు విచ్చుకొనును. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో గుఱ్ఱములతో అడ్డుకట్టలు దూకు జట్టుపోటీయందు స్వీడను స్వర్ణపతకము గెలిచెను. ఆ జట్టులోని మూడు గుఱ్ఱములలో రెండు, పీడర్ ఫ్రెడ్రిక్సన్ నడపిన ‘ఆల్ ఇన్’, హెన్రిక్ ఫాన్ ఎకర్మాన్ నడపిన ‘కింగ్ ఎడ్వర్డ్’ అనునవి, లాడములు లేకయే దూకినవి. లాడము లేని గుఱ్ఱము ఎందుకును పనికిరాదను మాట దీనితో చెల్లకపోయినది.

అయినను ఇచ్చట మనము జాగ్రత్తగా ఆలోచింపవలయును. ఆ గుఱ్ఱములు దూకినది మెత్తగా సిద్ధపఱచిన యిసుకనేలపై. వానికి నిత్యము వెంటనుండి కాళ్ళు చూచువారు కలరు. అవి తారురోడ్డుపై పదిమందిని లాగునవి కావు. ‘అడవిగుఱ్ఱములకు ఎవరు లాడములు కొట్టిరి?’ అని కొందఱు ప్రశ్నింతురు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్ పాలిట్, బ్రయాన్ హాంప్సన్ అనువారు ఆ దేశపు అడవిగుఱ్ఱముల గిట్టలను పరీక్షింపగా, ఎన్నడును ఇనుమెఱుగని ఆ గిట్టలయందును పొరలవాపు మొదలగు రోగముల జాడలు కనబడినవి. ప్రకృతి తల్లియే, కాని ప్రతి తల్లియు వైద్యురాలు గాదు. అడవిలో కుంటిన గుఱ్ఱము వెనుకబడిపోవును. దానిని మనము చూడము, అంతియే.

లాడమూడదీసిన వెంటనే గిట్ట గట్టిపడదనుట గూడ మఱవరాదు. ఏండ్లకొలది జోళ్ళు తొడిగిన వానిని ఒక్కనాడు ముండ్లదారిని నడువుమన్నట్లగును. అరికాలు దళసరి యగుటకు నెలలు పట్టును. అంతవఱకు కంకరపై పని చేయింపరాదు. తప్పనిచో గిట్టకు తొడిగి విప్పుటకు వీలైన రబ్బరుజోళ్ళు ఇప్పుడు దొరకుచున్నవి. లోపల మెత్త వేసి తొడుగవచ్చును. ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకసారి చెక్కించుట వట్టిగిట్టకును తప్పదు. లాడములు పీకి వదలివేయుట వట్టిగిట్ట చికిత్స కాదు, అది అశ్రద్ధ.

మన వైద్యులు ఔషధమును, పథ్యమును వేఱువేఱుగా చెప్పుదురు. రోగమును బట్టి కొట్టించు లాడము ఔషధము వంటిది. దానికి కారణముండవలయును, మోతాదు ఉండవలయును, ఎప్పుడు మానవలయునో గడువుండవలయును. వట్టిగిట్ట పథ్యము వంటిది. దానికి ఓర్పు కావలయును, నియమము కావలయును, పని తగ్గించుకొను శక్తి కావలయును. ఔషధమా పథ్యమా యని రోగిని చూడకముందే తగవులాడువానిని మనము వైద్యుడనము గదా! ఈ విషయమునందును అంతే. కావున లాడమా వట్టిగిట్టయా యను ప్రశ్నకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలయును.

మొదటిది, రోగమేమి? ఎముక విఱుగుట, గోడ లోతుగా పగులుట వంటి వానియందు కట్టు కావలయును. కాబట్టి లాడమువైపే మొగ్గు. మడమలు ముడుచుకొనిపోవుట, కప్ప చిక్కిపోవుట, నల్లగా కుళ్ళి దుర్గంధము కొట్టుట వంటి వానియందు, కుళ్ళును శుభ్రపఱచి నేల పొడిగా నుంచి, వీలైనచో లాడము తీసి కప్పకు నేలతో పని కల్పించుట మేలు. అరికాలు పలుచనైనచో పని నేలను బట్టి లాడమో, జోడో అవసరమగును. గిట్టవెనుకభాగపు దీర్ఘరోగములందు కొన్నింటికి మడమ ఆనిక నిచ్చు లాడము, కొన్నింటికి క్రమముగా వట్టిగిట్ట సుఖము నిచ్చినవి. కుంటు చూచి రోగము నిర్ణయింపరాదు. ఎక్సురే తీయించి లోపలి యెముక ఎట్లున్నదో చూచిన పిదప చెక్కుట గాని, కొట్టుట గాని చేయవలయును.

రెండవది, నేల యెట్టిది? ఇసుక, పచ్చిక, చెఱువుగట్టు ఒకటి. కంకర, తారు, సిమెంటు వేఱొకటి. నిరంతరము పేడలోను మూత్రములోను నానుచుండు గిట్టకు లాడమున్నను సుఖము లేదు, లేకున్నను సుఖము లేదు.

మూడవది, పని యేది? మలకపేట పందెపుమైదానమున పరుగెత్తు గుఱ్ఱము, పెండ్లియూరేగింపులలో వీథులు తిరుగు గుఱ్ఱము, విశాఖ సముద్రతీరమున పిల్లల నెక్కించుకొను గుఱ్ఱము, కేదారమార్గమున యాత్రికులను మోయు తట్టువ, వీని పనులు వేఱు. గిట్టల అవసరములును వేఱు. చికిత్సాకాలమున ఆ పని కొన్నినెలలు మానిపింపగలరా యనునది మఱింత ముఖ్యము.

నాలుగవది, మరల వచ్చి చూచువారెవరు? ఇది చాలమంది అడుగని ప్రశ్న. లాడమైనను, వట్టిగిట్టయైనను మొదటి దినమున చేసిన పనికంటె ఆఱవవారమున చేయు పని గొప్పది. నేర్పరి దూరమున నుండి, మూడు నెలల కొకసారి గాని రానిచో, ఎంత చక్కని రోగలాడమైనను అపకారమే చేయును.

ఈ నాలుగు ప్రశ్నలు తెలిసినవి గనుక ఇక మా పంచకల్యాణి కథకు వత్తము.

మూడవవారమున ఎవరో చెప్పగా పశువైద్యశాల డాక్టరుగారు వచ్చిరి. ఆయన వచ్చి లాడము మాట ఎత్తలేదు. గుఱ్ఱము ఎట్లు నిలుచుచున్నదో మొదట చూచిరి. అది ముందుకాళ్ళు ముందునకు చాచి, బరువంతయు వెనుకకాళ్ళపై వేసికొని నిలిచెను. గిట్టలపై చేయివైచి చూచిరి, కాలుచుండెను. గిట్టపైని కీలువెనుక నాడి పట్టి చూచిరి, గట్టిగా కొట్టుకొనుచుండెను. పిమ్మట ఆయన అడిగిన ప్రశ్న మూడువారములనుండి ఎవరును అడుగనిది: “దీనికి నొప్పి రాకముందు ఏం తిన్నది?”

ఎవరును పలుకలేదు. సాయిబుగారి చిన్నకుమారుడు తలవంచుకొని చెప్పెను. ఒక పెండ్లివారి యింటికి బండి కట్టినరాత్రి తాను నిద్రపోయెననియు, గుఱ్ఱము పలుపు తెంచుకొని ఉలవలబస్తాలో మూతిపెట్టి సగము ఖాళీచేసెననియు, తండ్రి కొట్టునని దాచెననియు చెప్పెను. డాక్టరుగారు తల పంకించి, “జబ్బు కాళ్ళలో మొదలుకాలేదు సాయిబుగారూ, కడుపులో మొదలైంది” అనిరి. అతిగా ధాన్యము తిన్నపుడు ప్రేగులలో పుట్టిన విషము రక్తములో కలసి, గిట్టలోని ఆ సన్నని రేకుల పట్టును సడలించును. ఈనిన పిదప మావి నిలిచిపోయినను, ఒక కాలు చెడి రెండవకాలు బరువంతయు మోయవలసివచ్చినను, ఒళ్ళు విపరీతముగా పెరిగినను ఈ రోగము రావచ్చును.

ఆ మొదటినాటి రాత్రియే వైద్యుని పిలిచియుండినచో, కాళ్ళు చల్లని నీటిలో నుంచి, గింజలు మాన్పించి, మెత్తని పఱుపు వేసియుండినచో, చాలవఱకు నిలువరింపగలిగియుండెడివారు. బదులుగా ఒక పక్షమువారు చెక్కని గిట్టకు ఎత్తైన ఇనుము కొట్టిరి. రెండవ పక్షమువారు తెగుచున్న రేకులతో గుఱ్ఱమును వట్టికాళ్ళపై కంకరకు తోలించిరి. ఇద్దఱును తమ తమ విద్యలయందు చెడ్డవారు గారు. ఇద్దఱును రోగము నడుగక సమాధానము చెప్పిరి.

డాక్టరుగారు మొదట లాడము లేకుండగనే ఉంచి, పాకలో మూరెడు మందమున ఇసుక పోయించి, గింజలు మాన్పించి ఎండుగడ్డి పెట్టించిరి. నెలన్నర గడచి నొప్పి తగ్గినపిదప అదే ముదుసలి లాడగానిని పిలిపించి, తాము దగ్గఱనుండి, గిట్టమొన తగ్గించి చెక్కించి, కప్పకు ఆనిక నిచ్చు పట్టీలాడము కొట్టించిరి. నాలుగైదువారముల కొకసారి దానిని తీసి మరల వేయించిరి. క్రొత్తగోడ పైనుండి క్రిందివఱకు దిగినపిదప, ఏడాది తిరుగునప్పటికి, దానిని గూడ తీసివేసిరి. ఒకే కాలునకు ఒకే సంవత్సరములో మూడు నిర్ణయములు: లాడము వలదు, లాడము కావలెను, మరల లాడము వలదు. మూడును సరియైనవే, ఎందుకనగా మూడును ఆనాటి గిట్టను చూచి చేసినవి.

పంచకల్యాణి బ్రదికెను. కాని తారురోడ్డుపై బండి లాగుటకు మరల పనికిరాలేదు. సాయిబుగారు బండిని అమ్మివేసిరి. పని లేని గుఱ్ఱమును మేపు స్థితి ఆయనకు లేదు. కాలువగట్టునగల యొక రైతునకు దానిని ఇచ్చివేసిరి. అది అచ్చట మెత్తనినేలపై, వట్టిగిట్టలతో, చిన్నచిన్న బరువులు మోయుచు కొన్నియేండ్లుండెను. ఆయన ఏబదియేండ్లు దాటిన వయస్సున అద్దెరిక్షా త్రొక్కసాగిరి. ఒకనాడు నన్ను ఎక్కించుకొని బడికి తీసికొనిపోవుచు, వెనుకకు తిరుగకుండనే, “చిన్నపంతులూ, మూడు వారాలు అందరినీ అడిగాను. గుర్రాన్ని మాత్రం అడగలేదు” అనిరి. ఆ మాటను మించిన పాఠము నేను ముప్పదియేండ్లలో ఒక్కటియు చెప్పలేకపోతిని.

అశ్వచికిత్సయందు మనవారు ప్రాచీనకాలమునుండియు శ్రద్ధ వహించినవారే. శాలిహోత్రుని పేర, నకులుని పేర గ్రంథములు కలవు. జయదత్తుని అశ్వవైద్యకము కలదు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణసారము కలదు. విరాటుని కొలువున దామగ్రంథి యను పేరుతో నకులుడు పూనిన పని గుఱ్ఱముల పోషణమే. 13వ శతాబ్దమున పాండ్యదేశపు తీరమును చూచిన మార్కో పోలో, గుఱ్ఱములు తెచ్చు విదేశవర్తకులు అశ్వవైద్యులను మాత్రము వెంట రానీయరనియు, గుఱ్ఱములు చచ్చినకొలది తమకు బేరము పెరుగుననియే వారి తలంపనియు వ్రాసెను. తెలిసినవాడు దగ్గఱ లేకపోవుటవలన గుఱ్ఱములు నశించుట ఆనాటినుండియు కలదన్నమాట.

నేడు జట్కాలు పోయినవి. నల్లగుఱ్ఱపు లాడమును శనిదోషము పోవుటకు ఉంగరముగా ధరించువారు, గుమ్మమునకు కొట్టుకొనువారు మాత్రము ఇంకను కలరు. ఆ లాడము మనకు అదృష్టము తెచ్చునో లేదో గాని, దానిని మోసిన కాలికి ఏమి తెచ్చినదో విచారించువారు తక్కువ. మీ యూరిలో పెండ్లిగుఱ్ఱమో, సముద్రపుటొడ్డున గుఱ్ఱమో కుంటుచు కనబడినచో, దాని యజమానిని నిందింపక, లాడము కొట్టించుమనియు తీయించుమనియు చెప్పక, ముందు పశువైద్యునికి చూపుమని చెప్పుడు. అది ఏమి తిన్నదో, ఎంతకాలమునుండి కుంటుచున్నదో, గిట్ట వేడిగా నున్నదేమో చూడుమని చెప్పుడు. ఆ రాత్రియే చెప్పుడు. మూడువారములు ఆలస్యమైనచో ఆ నాలుగు గిట్టలతోపాటు ఒక సంసారము గూడ కుంటవచ్చును.